గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో పొగ: చలికాలం దమ్ముతో వచ్చిన ఒక సీఓపీడీ కేసు

ఈ కేసు ఉత్తర తెలంగాణలోని ఒక పల్లెది. పేషెంటు, ఆమె కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలు కొన్ని తీసేశాం, కొన్ని మార్చాం. జబ్బు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. అరుదైనదేమీ కాదు. మందులు సరిగ్గా పడుతున్నా చలికాలంలో మళ్ళీ మళ్ళీ ఎందుకు తిరగబెడుతోందో తేల్చడానికే చాలా కాలం పట్టింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్నను తప్పుగా అడగడం వల్ల ఆ ఆలస్యం జరిగింది.

నేపథ్యం

పేషెంటు 58 ఏళ్ళ మహిళ, బరువు 41 కిలోలు. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టలేదు. పదిహేనో ఏట నుంచి కట్టెల పొయ్యి ముందే కూర్చుంది. ఇంటికి గ్యాస్ వచ్చి 7 ఏళ్ళయింది. అంతకుముందు సుమారు 35 ఏళ్ళు, రోజుకి 4 గంటల లెక్కన పొగ పీల్చింది. గంటల్ని ఏళ్ళతో గుణిస్తే 140. ఈ లెక్క 60 దాటినవాళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు కోసం గట్టిగా వెతకాలి. అక్టోబరు నుంచి డిసెంబరు చివరి దాకా పత్తి ఏరడానికి కూలికి వెళ్తుంది. ఇంట్లో కొడుకు, కోడలు, అంగన్‌వాడీకి వెళ్ళే 4 ఏళ్ళ మనవడు ఉన్నారు. మనవడు నానమ్మ మంచంలోనే పడుకుంటాడు.

ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. చల్లటి పొడిగాలి తగిలితే ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి, తెమడ చిక్కబడుతుంది. తలుపులు మూసుకుని అందరూ ఒకే గదిలో పడుకుంటారు కాబట్టి ఒకరి సర్ది ఇంకొకరికి తేలిగ్గా అంటుతుంది. ఇక పొగ సంగతి. నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉండే పొద్దుల్లో పొగ పైకి పోదు. ఇళ్ళ మధ్యే పరుచుకుని ఎండ వచ్చే దాకా అక్కడే ఉంటుంది.

వచ్చినప్పటి పరిస్థితి

అక్టోబరు చివర్లో వచ్చింది. అంతకుముందు రెండు చలికాలాల్లో కలిపి 7 సార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడింది. ప్రతిసారీ ఊళ్ళోనే రెండు, మూడు రోజులు స్టెరాయిడ్ సూదులు, డెరిఫిలిన్ సూదులు, ఒక దగ్గు సిరప్. సూది పడితే రెండు రోజులు హాయి, వారం తిరిగేసరికి మళ్ళీ దమ్ము. ఒకసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది కూడా. చీటీలన్నీ పెట్టుకుని చూస్తే ఒక్కదానిలోనూ శ్వాస పరీక్ష ఊసు లేదు. ప్రతి చీటీలోనూ ‘బ్రాంకైటిస్’ అనే ఉంది.

ఆ రోజు ఆక్సిజన్ 91 శాతం, నిమిషానికి 24 శ్వాసలు, రెండు వైపులా పిల్లికూతలు. జ్వరం లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు ఉబ్బి కనిపించాయి గానీ మచ్చ లేదు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి టీబీని పక్కన పెట్టకుండా తెమడను సీబీనాట్ అనే టీబీ పరీక్షకి పంపాం, టీబీ లేదని వచ్చింది. అన్ని స్టెరాయిడ్ సూదులు పడ్డాయి కాబట్టి షుగర్ చూశాం. మామూలుగానే ఉంది.

తెమడ తెల్లగా, పలచగా ఉంది. అందుకే యాంటీబయాటిక్ రాయలేదు. సీఓపీడీ ఉధృతమైనప్పుడు తెమడ రంగు పచ్చగా మారి, దానితోపాటు తెమడ గానీ దమ్ము గానీ పెరిగితేనే యాంటీబయాటిక్ వల్ల లాభం. ఊరికే దమ్ము పెరిగితే ఇవ్వాల్సింది గొట్టాలు తెరిచే మందు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకి 40 మి.గ్రా. చొప్పున 5 రోజులు. అంతకన్నా పొడిగిస్తే అదనపు మేలు లేదు, నష్టాలే పెరుగుతాయి.

స్పైరోమెట్రీ, అంటే ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, ఆ రోజు చేయించలేదు. ఉధృతంగా ఉన్నప్పటి అంకెలు ఆ రోజు కష్టాన్ని చూపిస్తాయే గానీ అసలు జబ్బు ఎంతో చెప్పవు. ఆరు వారాలు ఆగి, గొట్టాలు తెరిచే సాల్‌బ్యుటమాల్ 400 మైక్రోగ్రాములు పీల్పించి, 15 నిమిషాల తర్వాత చేస్తే ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదగలిగిన గాలి)ల నిష్పత్తి 0.56 వచ్చింది. ఇది 0.70 లోపు ఉంటే గొట్టాలు శాశ్వతంగా ఇరుకైనట్టు. ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదానిలో 44 శాతం. అంటే జబ్బు తీవ్రమైనదే. సమాన వయసు వాళ్ళతో నడవలేక 100 మీటర్లకోసారి ఆగుతోంది.

మొదటి ప్రయత్నాలు

రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) మైక్రోలీటరుకి 180 ఉన్నాయి. 300 దాటి ఉంటే పీల్చే స్టెరాయిడ్‌ను మొదటి నుంచే కలిపేవాళ్ళం. మధ్యస్థంగా ఉన్నాయి, మనిషి బక్కపలచన, పీల్చే స్టెరాయిడ్‌తో న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. అందుకని ముందు గొట్టాలు తెరిచే రెండు మందులు కలిసిన క్యాప్సూల్ రకం ఇన్హేలర్ ఇచ్చాం. దానితోపాటు ‘పొగకు దూరంగా ఉండాలి’ అన్నాం. ‘వంట దేని మీద?’ అని అడిగితే ‘గ్యాస్ మీదనే’ అన్నారు. కేసు షీటులో ‘ఎల్‌పీజీ’ అని ఎక్కింది. పొగ అధ్యాయం అంతటితో మూసుకుపోయింది.

ఫ్లూ టీకా కూడా చెప్పాం. పెద్దవాళ్ళకి అది సర్కారు టీకాల కార్యక్రమంలో లేదు, సొంతంగా కొనాలి. పత్తి డబ్బులు వచ్చాక చూస్తామన్నారు.

డిసెంబరు మధ్యలో మళ్ళీ దమ్ము. ఈసారి వాడేసిన క్యాప్సూళ్ళు కూడా తెమ్మన్నాం. చాలావాటిలో సగం పొడి అలాగే ఉంది. ఈ రకం పరికరంలో పొడిని లోపలికి లాగాల్సింది పేషెంటు పీల్పే. గట్టిగా, వేగంగా పీల్చే బలం ఈమెకు లేదు. పైగా నోటికి పెట్టుకున్నాక ఒకసారి లోపలికి ఊదుతోంది, దాంతో పొడి తడిసి ముద్దవుతోంది. మందు పనిచేయడం లేదని మార్చే ముందు ఖాళీ క్యాప్సూళ్ళు చూడటం రెండు నిమిషాల పని. క్యాప్సూల్‌ను నీళ్ళతో మింగేసేవాళ్ళూ ఉంటారు.

అవే రెండు మందులు, గ్లైకోపైరోనియం, ఫార్మోటెరాల్, స్ప్రే రూపంలో, స్ప్రేకీ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ అనే డొల్ల గొట్టంతో ఇచ్చాం. పొద్దున 2 పఫ్‌లు, రాత్రి 2 పఫ్‌లు. నేర్పిన వరుస ఇది: డబ్బాను బాగా ఊపాలి, స్పేసర్‌కి బిగించాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, ఒక్క పఫ్ నొక్కాలి, 3 నుంచి 5 సెకన్ల పాటు నెమ్మదిగా పీల్చాలి, పది లెక్కపెట్టే దాకా బిగబట్టాలి. అర నిమిషం ఆగి రెండో పఫ్. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బు నీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పుట్టి మందును పట్టేసుకుంటుంది. కొనలేనివాళ్ళకి అరలీటరు నీళ్ళ సీసా అడుగున ఇన్హేలర్ మూతి బిర్రుగా పట్టేంత కంత చేసినా పని జరుగుతుంది. వీళ్ళు కొన్నారు.

చేసి చూపించడం ఒక్కటే చాలదు. ఆమె చేత మూడుసార్లు చేయించాం. తర్వాత కోడలి చేత అత్తకు నేర్పించాం. ఇంట్లో తప్పు దిద్దాల్సింది కోడలే కదా.

ఇంత చేసినా జనవరి రెండో వారంలో మూడో ఉధృతి. ఆక్సిజన్ 84 శాతం. తెమడ పచ్చగా ఉంది, కాబట్టి ఈసారి యాంటీబయాటిక్ 5 రోజులు ఇచ్చాం. నాలుగు రోజులు వార్డులో ఉంది. ఆక్సిజన్‌ను 88, 92 శాతాల మధ్యే ఉంచాం. సీఓపీడీ పేషెంటుకి 98, 99కి తీసుకెళ్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారే ప్రమాదం ఉంది. మూడు రోజుల ముందు మనవడికి సర్ది చేసింది కాబట్టి కారణం అదేనని అందరికీ తోచింది. అందులో నిజం ఉంది, కానీ మొత్తం కథ అది కాదు.

వార్డు చెప్పిన సంగతి

డిశ్చార్జి అయిన మూడో రోజే పొద్దుటి దగ్గు తిరిగొచ్చింది. అక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. వార్డులో రెండో రోజు నుంచే పొద్దుటి పూట తెరిపిగా ఉంది. అక్కడా ఇక్కడా మందులు అవే. వార్డు వెచ్చగా ఉందా అంటే లేదు, కిటికీలు తెరిచే ఉంటాయి, చలి ఇంట్లో కన్నా తక్కువేం కాదు. పత్తి దుమ్ము అనుకుందామంటే ఆ ఏడు ఏరుడు డిసెంబరు చివరికే అయిపోయింది. వైరస్ అయితే తగ్గుతూ పోవాలే గానీ రోజూ ఒకే వేళకి రాకూడదు. దగ్గు వచ్చే వేళ మాత్రం గడియారం చూసినట్టు పొద్దున 5:30 నుంచి 8 లోపు. మిగిలింది ఇల్లే, ఆ ఇంట్లో ఆ వేళ జరిగే పనే.

ఈసారి ప్రశ్న మార్చాం. ‘పొద్దున లేచిన కాడి నుంచి పండుకునేదాక మీ ఇంట్ల నిప్పు ఎక్కడెక్కడ అంటుకుంటది అమ్మా?’

‘వంట గ్యాస్ మీదనే సారు. తానానికి నీళ్ళు కాగుల కాగవెడ్తం. అవి గూడ గ్యాస్ మీద వెడ్తె సిలిండర్ ఆగుతదా?’

మర్నాడు పొద్దున 5:30కి ఇంటి చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీయమని కొడుక్కి చెప్పాం. రెండు నిమిషాల వీడియోలో మూడు నిప్పులు కనిపించాయి, నాలుగోది అడిగితే చెప్పారు.

మొదటిది కాగు పొయ్యి. ఇంటి వెనక గోడకి ఆనించి, చూరు కింద ఉంది. నలుగురి నీళ్ళు, బట్టల నీళ్ళు కలిపి రోజూ దాదాపు మూడు గంటలు మండుతుంది. వాడేది పత్తి కట్టె, రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు. గోడకీ పైరేకులకీ మధ్య జానెడు సందు ఉంది. పొగ ఆ సందులోంచి నేరుగా లోపలి గదిలోకి దిగుతోంది. గోడకి అవతలి పక్కనే ఆమె మంచం. పొయ్యి బయట ఉంది కాబట్టి ఇంట్లో పొగ లేదని కుటుంబం నిజంగానే నమ్మింది. దాచిపెట్టిందేమీ లేదు. చలికాలంలోనే నీళ్ళు కాచుకుంటారు కాబట్టి గ్యాస్ వచ్చాక కూడా ఆ మూడు నెలలు ఆమె పొగలోనే ఉంది. మిగతా ఏడాది బాగుండి చలికాలంలోనే పడిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదని అప్పుడు తేలింది.

రెండోది వాకిట్లో చలిమంట. మూడోది మంచం కింద దోమల కాయిల్. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లంత ఉంటుందని కొలిచి చూశారు. నాలుగోది రాత్రి తలుపు మూసుకుని గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి.

ఈ కుంపటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పొగ రాదు కాబట్టి మంచిదనుకుంటారు. బొగ్గు ఎర్రగా రాజుతున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. మూసిన గదిలో ఇది మనుషుల్ని నిద్రలోనే చంపేస్తుంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్ దీన్ని పట్టుకోలేదు, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. కాబట్టి ‘95 చూపిస్తోంది’ అని ధైర్యపడకూడదు. పొద్దున లేవగానే తలనొప్పి, వికారం ఇంట్లో ఒకరికి మించి ఉంటే కుంపటినే అనుమానించాలి.

పొగ తీసేయడం

మొదట చెప్పిన ఉపాయం పనిచేయలేదు. పొయ్యికి పొగ గొట్టం పెట్టమన్నాం. పెట్టారు గానీ దాని మూతి రేకుల అంచు కిందే ఆగింది. ముందు సగం పొగ లోపలికి వచ్చేది, ఇప్పుడు గొట్టం దాన్ని సరిగ్గా సందు దగ్గరికి చేరవేస్తోంది. గొట్టం మూతి కప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తులో ఉండాలి. ఈ కొలతలు చెప్పకుండా ‘గొట్టం పెట్టండి’ అనడం మా తప్పు. పొయ్యిని పెరటి చివరికి మార్చమంటే కోడలు వద్దంది. నల్లా, తానాల గది ఇటు ఉన్నాయి, కాగిన నీళ్ళు అంత దూరం మోయడం ఆమె మీదే పడుతుంది. ఆమె మాట న్యాయమైనది.

చివరికి కుదిరింది నీళ్ళ రాడ్. లెక్క వాళ్ళ ముందే వేశాం. 1500 వాట్ల రాడ్‌తో 20 లీటర్ల బకెట్ నీళ్ళు 25 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు 25 నిమిషాలు, 0.6 యూనిట్ కరెంటు. రోజుకి 4 బకెట్లకి 2.4 యూనిట్లు, నెలకి 72. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకి సున్నా బిల్లు వస్తోంది. వీళ్ళ పాత బిల్లుల్లో నెలకి 70, 80 యూనిట్లు ఉన్నాయి. రెండూ కలిపినా 200 దాటదు. ఈ లెక్క చూశాకే కొడుకు ఒప్పుకున్నాడు. ‘ఆరోగ్యానికి మంచిది’ అని నెల రోజులుగా చెప్పినా కదలనిది ఈ లెక్కతో కదిలింది.

రాడ్‌కి దాని ప్రమాదాలు దానికున్నాయి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ చూసుకోవాలి. ముందు నీళ్ళు పోసి, రాడ్ మీద గీత దాకా ముంచి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి. పిల్లవాడున్న ఇల్లు కాబట్టి తలుపు గడియ పెట్టే తానాల గదిలోనే పెట్టుకోమన్నాం. పేషెంటు మాత్రం పొద్దున్నే తానం మానేసి, 11 తర్వాత ఎండలో పెట్టిన నీళ్ళతో చేస్తోంది.

కాయిల్ బదులు దోమతెర వచ్చింది. కుంపటి వదలడానికి ఆమె గట్టిగా ఒప్పుకోలేదు. అలవాటు పోతుందని కాదు, అది లేకపోతే నిద్ర పట్టదని. గొంగడి, కింద మరో బొంత, చెవులు కప్పే టోపీ, సాక్సులు ఇచ్చి, గోడా రేకుల మధ్య సందును ఆమె మంచం వైపు మాత్రం మట్టితో మూసి, ఎదుటి కిటికీ నాలుగు వేళ్ళంత తెరిచి ఉంచమన్నాం. సందులన్నీ మూస్తే గాలి ఆడదు, మనవడి సర్ది గదిలోనే తిరుగుతుంది.

రాడ్ వచ్చిన రెండు వారాల్లో పొద్దుటి దగ్గు సగానికి తగ్గింది. అప్పటికి టీకా పడలేదు, మందు మారలేదు. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే ఏది పనిచేసిందో చెప్పలేకపోయేవాళ్ళం.

టీకాలు, సర్ది, మిగతా జాగ్రత్తలు

తర్వాతి అక్టోబరులో ఫ్లూ టీకా వేయించుకుంది. వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, మన దగ్గర ఫ్లూ వానల తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది. ఏటా వేయించుకోవాలి. న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకాల్లో ముందు పీసీవీ13 వేశాం, ఏడాది తర్వాత పీపీఎస్‌వీ23 వేయాలి. డబ్బు ఇద్దరికే సరిపోతుందంటే ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. ఫ్లూ టీకా మొదట పేషెంటుకి, రెండోది మనవడికి అనుకున్నాం, సర్ది ఇంట్లోకి తెచ్చేది అతనే. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఆ సంగతి ముందే చెప్పకపోతే రెండోది తప్పిపోతుంది.

మనవడికి ముక్కు కారడం మొదలైన రోజు నుంచి వారం పాటు వేరే మంచం. అంగన్‌వాడీ నుంచి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం. వాడు దగ్గుతున్న రోజుల్లో నానమ్మ మాస్కు పెట్టుకోవడం. వాడిని దూరం పెట్టమంటే ఆమె వినదని తెలుసు, అందుకే మాస్కు ఆమెకే ఇచ్చాం. కుక్కర్ గొట్టంతో ఆవిరి పట్టే అలవాటు మాన్పించాం. దానితో ముక్కు తెరుచుకుంటుందేమో గానీ ఊపిరి గొట్టాలు తెరుచుకోవు, ఒళ్ళు కాలిన కేసులు మాత్రం ఏటా చూస్తాం.

ఎండ వచ్చాక, 9 దాటాక 20 నిమిషాల నడక. దమ్ము వస్తే పెదవులు సున్నాలా చుట్టి, దీపం ఆరకుండా వణికేంత మెల్లగా ఊపిరి వదలడం. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు.

చదువు రాదు కాబట్టి ఉధృతి వస్తే ఏం చేయాలో బొమ్మలతో ఒక కాగితం ఇచ్చాం. తెల్ల కాగితం మీద తెమడ రంగు చూసుకోవాలి. దమ్ము పెరిగితే స్పేసర్‌తో సాల్‌బ్యుటమాల్, కొడుకు ఫోన్ చేశాకే ప్రెడ్నిసొలోన్. రంగు మారితేనే పక్కన ఉంచిన యాంటీబయాటిక్. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మత్తుగా ఉన్నా, ఆక్సిజన్ 88 కన్నా తగ్గినా ఫోన్ మాకు కాదు, 108కి.

ఫలితం, మిగిలినవి

రెండో చలికాలంలో ఒక్కటే చిన్న ఉధృతి, జనవరి చివర్లో, ఇంట్లోనే తగ్గింది. ఆస్పత్రిలో చేరలేదు. బరువు 44 కిలోలకి వచ్చింది. ఆగకుండా అంగన్‌వాడీ దాకా నడిచి మనవడిని దింపి వస్తోంది. ఎఫ్‌ఈవీ1 మాత్రం 46 శాతం, అంటే ఉన్నచోటే ఉన్నట్టు. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఆగింది నష్టం మాత్రమే. ఈ మాట కుటుంబానికి ముందే చెప్పాలి, లేకపోతే రిపోర్టు చూసి మందులు మానేస్తారు.

మా షీటులో ‘వంట ఇంధనం’ అన్న గడి కొట్టేశాం. దాని బదులు వంట, తానం నీళ్ళు, చలిమంట, కుంపటి, దోమల కాయిల్, సాంబ్రాణి, పశువుల కొట్టంలో పొగ అని ఏడు గడులు పెట్టాం. ప్రతిదానికీ ఎన్ని గంటలు, ఎవరు రాజేస్తారు, పేషెంటు పడుకునే చోటికి ఎంత దూరం అని రాస్తాం.

‘ఎవరు రాజేస్తారు’ అన్న గడిలో ఈ ఇంటికి కోడలి పేరు పడింది. వయసు 29. పెళ్ళయినప్పటి నుంచి కాగు పొయ్యి రాజేసింది ఆమే. పొద్దున దగ్గు తనకీ ఉందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆమెకు స్పైరోమెట్రీ చేస్తే నిష్పత్తి 0.76 వచ్చింది. సీఓపీడీ లేదు, కానీ ఆ వయసుకి ఇంకొంచెం ఎక్కువ ఉండాల్సింది. ఏడాది తర్వాత, అత్తకు పీపీఎస్‌వీ23 వేయించే రోజునే, ఆమెకు మళ్ళీ స్పైరోమెట్రీ చేస్తాం.